లైసెన్స్ ట్యాగ్ ఏది చూసి రాయాలి: లైసెన్స్ ఫైలా, మెటాడేటానా, స్కానరా?

ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీల కోసం ప్యాకేజీ కట్టేటప్పుడు దాని లైసెన్స్ పేరు రాయాలి, అదే లైసెన్స్ ట్యాగ్. గిట్‌హబ్ పేజీ పక్కన 'జీపీఎల్-2.0' అని కనిపిస్తుంది. అదే తెచ్చి స్పెక్ ఫైల్లో (ఆర్‌పీఎం ప్యాకేజీ కట్టే సూచనల ఫైల్) పెడితే తప్పు. లైసెన్సుల ప్రామాణిక పేర్లుండే ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఆ పొట్టి పేరు 3.0 విడుదలతోనే వాడుక తప్పింది. ఇప్పుడున్నవి రెండు: జీపీఎల్-2.0-ఓన్లీ (వెర్షన్ 2 మాత్రమే), జీపీఎల్-2.0-ఆర్-లేటర్ (2 లేదా ఆ తర్వాతి వెర్షన్). ఈ రెంటిలో ఏదన్నది లైసెన్స్ ఫైల్ చెప్పలేదు. రెండింటికీ అందులో ఉండే పాఠం ఒక్కటే, అక్షరం తేడా ఉండదు. పైగా ఆ పాఠం చివర హెడర్ (సోర్స్ ఫైల్ పైన పెట్టే లైసెన్స్ ప్రకటన) ఎలా రాయాలో చూపే నమూనా ఉంటుంది, అందులో 'ఎనీ లేటర్ వెర్షన్' అన్న మాట కూడా ఉంటుంది. అది నమూనా మాత్రమే, రచయిత మాట కాదు. రచయిత మాట సోర్స్ ఫైళ్ల పైభాగాన, లేదంటే రీడ్‌మీలో దొరకాలి. ఎక్కడా వెర్షన్ సంఖ్యే చెప్పకుండా 'జీపీఎల్' అని వదిలేస్తే, జీపీఎల్-2లోని 9వ సెక్షన్ ప్రకారం వాడేవారు ఏ వెర్షన్ అయినా ఎంచుకోవచ్చు. అప్పుడు ట్యాగ్ జీపీఎల్-1.0-ఆర్-లేటర్.

ఇది చాదస్తం కాదు. జీపీఎల్-2.0-ఓన్లీ కోడ్‌ని అపాచీ-2.0 కోడ్‌తో కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా పంచడం కుదరదు. అదే ఆర్-లేటర్ అయితే జీపీఎల్-3 దారిలో కుదురుతుంది.

మెటాడేటా (ప్యాకేజీ వివరాల్లో రచయిత నింపినది) సంగతి ఇంకోలా ఉంటుంది. పైథాన్ పాత క్లాసిఫయర్లలో (ప్యాకేజీకి తగిలించే వర్గం పేర్లు) 'బీఎస్‌డీ లైసెన్స్' అని ఒకటే ఉంది. రెండు షరతులదా, మూడా, నాలుగా? నాలుగు షరతుల పాఠంలో ఉండే ప్రకటనల షరతు ఉంటే జీపీఎల్‌తో పొత్తు కుదరదు కాబట్టి ఈ లెక్క తేలాల్సిందే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన కోడ్ వరకు ఆ షరతును 1999లో ఎత్తేసింది, మిగతావాళ్ల ఫైళ్లకు అది వర్తించదు. పాత రస్ట్ క్రేట్లలో (రస్ట్ భాష ప్యాకేజీలు) 'ఎంఐటీ/అపాచీ-2.0' అని గీత కనిపిస్తే దాని అర్థం ఆర్ (ఏదో ఒకటి), ఆండ్ (రెండూ) కాదు. మెటాడేటాకున్న అసలు లోపం వేరే. అది రచయిత సొంత కోడ్ గురించే చెబుతుంది. వెండర్ ఫోల్డర్లో తెచ్చిపెట్టుకున్న వేరేవాళ్ల లైబ్రరీల ఊసు అందులో ఉండదు.

స్కానర్ల సంగతికొస్తే, స్కాన్‌కోడ్ అనే టూల్ ప్రతి ఫైలునూ చదువుతుంది. సీ, ఎల్, పీ, ఐ ఆప్షన్లు కలిపి నడిపితే కాపీరైట్, లైసెన్స్, ప్యాకేజీ వివరాలు ఒకే జేసన్‌లో వస్తాయి. డెబియన్‌వాళ్ల లైసెన్స్‌చెక్ తేలికైనది, హెడర్లకు సరిపోతుంది. అయితే స్కానర్ బియ్యమూ రాళ్లూ కలిపే తెస్తుంది, ఏరుకోవడం మన పని. ఎంఐటీ ప్రోగ్రామ్‌లో బైసన్ అనే టూల్ పుట్టించిన పార్సర్ కోడ్ ఉంటే జీపీఎల్-3.0 అని గంట కొడుతుంది. కంగారు పడకుండా హెడర్ కిందికి చదివితే బైసన్ మినహాయింపు ఉంటుంది. కాబట్టి అది జీపీఎల్-3.0-ఆర్-లేటర్ విత్ బైసన్-ఎక్సెప్షన్-2.2. ప్రోగ్రామ్ మొత్తం జీపీఎల్ అయిపోదు. టెస్ట్ డేటాలో ఎవరో అతికించిన లైసెన్స్ పాఠానికి కూడా ఇలాగే గంట కొడుతుంది.

ఈ మూడింటి మాటా కలవనప్పుడు ఫైల్ హెడర్‌దే పైచేయి. ఆ తర్వాత ఫోల్డర్లో ఉన్న లైసెన్స్ ఫైల్, చివర మెటాడేటా. అప్పటికీ పొసగకపోతే ఊహించి రాయకండి, అప్‌స్ట్రీమ్‌లో (అసలు రచయితల ప్రాజెక్టులో) ఇష్యూ తెరిచి అడగండి.

ఇక రాసే తీరు. ఫెడోరా 2022 నుంచి ఎస్‌పీడీఎక్స్ పేర్లకు మారింది. అక్కడ ట్యాగ్ ఒక్క వరుసే, అది బైనరీ ఆర్‌పీఎంలోకి వెళ్లే సరుకుకే వర్తిస్తుంది. డెబియన్ కాపీరైట్ ఫైల్ మాత్రం సోర్స్ మొత్తానికి లెక్క చెప్పాలి. ఆటోటూల్స్ (బిల్డ్ స్క్రిప్టులు పుట్టించే టూల్స్) వాడే ఒక ప్రాజెక్టునే తీసుకోండి. కాన్ఫిగర్, ఇన్‌స్టాల్-ఎస్‌హెచ్, ఎల్‌టీమెయిన్ ఫైళ్లకు వేటి లైసెన్స్ వాటికుంది. ఇవి బిల్డ్‌కే పరిమితం కనుక ఫెడోరా ట్యాగ్‌లోకి రావు, డెబియన్‌లో మాత్రం ఫైల్స్ పేరాల్లో కనిపించాలి. అక్కడ ఒకే ఫైలుకు రెండు పేరాలు సరిపోలితే కిందున్నదే చెల్లుతుంది, అందుకే అన్ని ఫైళ్లకూ వర్తించే నక్షత్రం గుర్తున్న పేరా మొదట పెట్టాలి. ఎంఐటీని అక్కడ ఎక్స్‌పాట్ అంటారు. దాని పాఠం కామన్-లైసెన్సెస్ డైరెక్టరీలో లేదు కాబట్టి పూర్తిగా రాయాలి.

ఫెడోరాలో తరచుగా తిరిగొచ్చే తప్పులు రెండు. జీపీఎల్ ఎలాగూ అన్నిటినీ మింగేస్తుంది కదా అని ఎంఐటీ ఫైళ్లను వదిలేయడం ఒకటి, అక్కడ ఆండ్‌తో రెండూ రాయాల్సిందే. 'ఎంఐటీ ఆర్ అపాచీ-2.0' ఉన్నచోట తమకు నచ్చింది ఒకటి ఉంచేయడం రెండోది. ఆ ఎంపిక వాడుకునేవారిది, ప్యాకేజీ కట్టేవారిది కాదు. ఆండ్ ఆర్‌కంటే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి బ్రాకెట్లు మరవొద్దు: యూనికోడ్-ఐడెంట్ క్రేట్‌కు (ఎంఐటీ ఆర్ అపాచీ-2.0) ఆండ్ యూనికోడ్-3.0. రస్ట్ ప్రోగ్రామైతే బైనరీలో కలిసిపోయిన క్రేట్లన్నీ లెక్కలోకి వస్తాయి. వాటిని చేత్తో ఏరనక్కర్లేదు, కార్గో_లైసెన్స్_సమ్మరీ మాక్రో జాబితా ఇస్తుంది.

ఏది మేలంటే, పది ఫైళ్ల చిన్న లైబ్రరీకి స్కానర్ దండగ. హెడర్లు కళ్లతో చదివితే అరగంటలో అయిపోతుంది. వెండర్ ఫోల్డర్ ఉన్నా, ఫైళ్లు వందలు దాటినా ముందు స్కాన్‌కోడ్, తర్వాత తేడా చూపిన ఫైళ్లు మాత్రమే కళ్లతో. మెటాడేటాను ఒంటరిగా నమ్మే సందర్భం మాకు కనిపించదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత స్పెక్‌లోని వరుసను అలాగే మోసుకుపోవద్దు. లోహిత్ ఫాంట్లు, తెలుగుది సహా, మొదట జీపీఎల్ కింద ఉండి తర్వాత ఫాంట్ల లైసెన్స్ ఓఎఫ్‌ఎల్-1.1కి మారాయి. పాత, కొత్త వెర్షన్ల టార్‌బాళ్ల (సోర్స్ కట్టలు) మధ్య లైసెన్స్ ఫైళ్లకూ హెడర్లకూ డిఫ్ (తేడాల జాబితా) తీస్తే ఇలాంటివి వెంటనే బయటపడతాయి.