నాలుగు వేసవులు తట్టుకున్న సంచులు: మా డాబా తోట సామానుపై నా అనుభవం

విజయవాడలో మా డాబా మీద తోట మొదలుపెట్టి ఆరేళ్లు పూర్తయ్యాయి. వంగ, టమాటా, బెండ, గోంగూర, పాలకూర, ఒక కరివేపాకు చెట్టు, రెండు నిమ్మ మొక్కలు కలిపి 40 దాకా కుండీలు, సంచులు ఉన్నాయి. ఏ వస్తువు ఎప్పుడు కొన్నానో, ఎన్నాళ్లు పనికివచ్చిందో మొదటినుంచీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. కొత్తగా తోట పెట్టేవారికీ, తోట ఉన్న బంధువులకు కానుక ఇవ్వాలనుకునేవారికీ ఆ లెక్క ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. మా ఊళ్లో ఏ వస్తువుకైనా అసలు పరీక్ష రోహిణి కార్తెలో జరుగుతుంది. కింద డాబా కాలుతూ, పైన ఎండ మాడ్చేస్తున్నప్పుడు నిలిచిన వస్తువునే నేను మంచిదంటాను.

ముందు గ్రో బ్యాగుల (మొక్కలు పెంచే సంచుల) సంగతి చెప్పాలి, ఎందుకంటే నా డబ్బు ఎక్కువగా పోయింది వాటి మీదే. మొదటి ఏడాది చవకగా వస్తున్నాయని 12 అంగుళాల సంచులు 20 ఒకేసారి తెప్పించాను. ఎండకు తట్టుకునే రకమని వాటిమీద రాసి ఉంది గాని, గుడ్డ మందమెంతో ఎక్కడా లేదు. రెండో వేసవి చివర, కాపు మీదున్న వంగ మొక్కను నీడకు జరుపుదామని సంచిని చెవులు పట్టుకుని ఎత్తితే ఒక చెవి ఊడి చేతిలోకి వచ్చింది. సంచి నిలువునా చీలి, మట్టితోపాటు తెల్లటి వేళ్లన్నీ బయటపడ్డాయి. చీలిన అంచును వేలితో నలిపితే వేయించిన అప్పడంలా పొడి రాలింది. ఆ ప్లాస్టిక్ పీచు మట్టిలో కలిసిపోయి, ఎంత జల్లించినా పూర్తిగా రాలేదు. ఇంట్లో తినే కూర పండించే మట్టిలో అది మిగిలిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

ఆ తర్వాత చదరపు మీటరుకు 260 గ్రాముల బరువుండే హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గుడ్డతో కుట్టిన సంచులు 18 కొన్నాను. 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. నాలుగు వేసవులు గడిచాయి, 15 సంచులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పాడైన మూడింటిలోనూ గుడ్డ గట్టిగానే ఉంది, తెగింది కుట్టుదారం. కాబట్టి కొనేటప్పుడు గుడ్డతోపాటు దారాన్నీ చూడండి: సంచిని తిరగేసి, అడుగున రెండు వరుసల కుట్టు ఉందో లేదో, నీరు పోయే రంధ్రాలకు రింగులు వేశారో లేదో పరిశీలించండి. నింపే ముందు బరువు కూడా లెక్క వేసుకోవాలి. ఈ కొలత సంచిలో అంచుదాకా నింపితే 43 లీటర్లు పడుతుంది, అంటే తడి మట్టితో 40 కిలోలు దాటవచ్చు. నేను వీటిని దూలాల మీదుగా, గోడల వెంట మాత్రమే వరుసగా పెట్టి, ఒక్కోదాని కింద రెండేసి ఇటుకలు ఉంచాను. అడుగున గాలి ఆడుతుంది, డాబా చెమ్మగిల్లదు. ఆకుకూరలకు ఇంత లోతు అనవసరం, 9 అంగుళాలు చాలు.

ఫెల్టు గుడ్డ సంచులను బాగా మెచ్చుకునేవారు ఉన్నారు. వాటిలో వేళ్లు నిజంగానే చక్కగా అల్లుకుంటాయి, కానీ మా మే నెలలో పూటపూటా నీళ్లు పోయవలసి వచ్చింది. చల్లటి ఊళ్లవారికి అవి సరిపోతాయి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మ 5 కిలోలది నానబెడితే పెద్ద తొట్టి నిండుతుంది, డాబాకు బరువూ తగ్గుతుంది. అయితే మొదటిసారి దాన్ని కడగకుండానే కలిపాను, టమాటా నారు ఆకుల అంచులు వారంలోనే మాడిపోయాయి. కొబ్బరి పీచులోని ఉప్పు దానికి కారణం. ఇప్పుడు ముదురు టీ రంగులో దిగే నీరు తేటపడేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి కలుపుతున్నాను.

మొక్కలకు బొట్టుబొట్టుగా నీరందించే డ్రిప్ కిట్ విషయంలో నా అభిప్రాయం పూర్తిగా అనుకూలం కాదు. ఊరికి వెళ్లిన రోజుల్లో అది మొక్కల్ని బతికించిన మాట నిజమే. కానీ మా బోరు నీటిలోని సున్నం పేరుకుని సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి; రెండు నెలలకోసారి డ్రిప్పర్లను వెనిగర్‌లో నానబెట్టి తీయాలి. ఆ ఓపిక లేనివారు దాన్ని కొనకపోవడమే మేలు.

ఇక కానుకల మాట. అందమైన పెట్టెలో మూడు నాలుగు పనిముట్లు పేర్చి అమ్మే సెట్టు నాకు రెండుసార్లు వచ్చింది. ప్రేమతో ఇచ్చినవే, కానీ రేకు తాపీ గట్టిపడిన మట్టిలో వంగిపోయింది, కర్ర పిడి వానకు వదులైంది. కమ్మరి దగ్గర చేయించుకున్న తొలిక (కలుపు తీసే పనిముట్టు) మాత్రం మొదటి ఏడాది నుంచీ నా చేతిలోనే ఉంది. ఆ సెట్టుకు పెట్టే డబ్బుతో స్ప్రింగు మార్చుకోగలిగే మంచి కొమ్మల కత్తెర ఒక్కటి ఇవ్వండి. విత్తనాలు ఇచ్చేవారు ప్యాకెట్టు మీది తేదీ తప్పక చూడండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు. టమాటాలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ నేను మూడు కాపులు వేశాను; ఆకుముడత వైరస్‌ను, వాడు తెగులును తట్టుకునే రకమది. హైబ్రిడ్ కాబట్టి, దాని పండ్లలోని విత్తనం దాచుకుంటే అదే గుణం రాదని కూడా ఇచ్చేటప్పుడే చెప్పండి.

పోయిన ఏడాది మా తమ్ముడు ఏప్రిల్ నెలలో వచ్చి ఎండను సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ (నీడ వల) తెచ్చాడు, తానే తాళ్లు కట్టి వెళ్లాడు. ఆ వేసవిలో నేను ఒక్క మిరప మొక్కను కూడా పోగొట్టుకోలేదు.