స్టికీ నోట్స్: రెండేళ్లు గోడ మీద అతికించి చూశాక

ముగ్గురం కలిసి నవ్వించే కామిక్స్ చేస్తాం. రెండేళ్లుగా మా కథలన్నీ ముందు గోడ మీద స్టికీ నోట్స్‌తోనే నడుస్తాయి: ఏ పేజీలో ఏం జరుగుతుందో చీటీల మీద రాసి, పేజీల వరుసలో అతికిస్తాం. వీటిలో నాకు ప్రాణం రంగులు.

ఒక 24 పేజీల కథ సగంలో ఆగిపోయింది. ఇంటాయన ఊరెళ్తాడు. రాత్రి ఇద్దరు దొంగలు విడివిడిగా దూరతారు. ఒకడు తానే ఇంటాయన్నంటాడు, రెండోవాడు దూరపు చుట్టాన్నంటాడు. ఇక మర్యాదలే మర్యాదలు. నాలుగు పేజీలు బాగా నవ్వొచ్చింది, ఆ తర్వాత అదే జోకు తిరిగి తిరిగి వస్తోంది.

అప్పటిదాకా మా ముగ్గురిలో మనిషికో రంగు పెట్టుకున్నాం. ఎవరి చీటీ కదిపినా "నాదే ఎందుకు తీశావ్?" అని గొడవ. ఒక సాయంత్రం అన్నీ పీకేసి, పాత్రకో రంగు పెట్టి మళ్లీ రాశాం. దొంగలకు ఆకుపచ్చ, గులాబీ, ఇంటాయనకు పసుపు. వెనక్కి జరిగి చూస్తే పసుపు 3వ పేజీలో ఉంది, మళ్లీ 21లోనే. మధ్యలో ఒక్కటీ లేదు!

21లోని పసుపు చీటీ తీసి 10లో పెట్టాం. టికెట్ మర్చిపోయి ఇంటాయన వెనక్కొస్తాడు. ఇద్దరూ ఆయన్నే దొంగ అనుకుని కుర్చీకి కట్టేస్తారు. ఇంకో లాభం, 21 కుడి పేజీ. 20 చదువుతుండగానే పక్కన ఆయన కనిపించేసేవాడు. ఇప్పుడు 9వ పేజీ చివరి గడిలో తాళం తిరిగిన చప్పుడు, పేజీ తిప్పితే గుమ్మంలో ఆయన. ఆ రాత్రే మిగతా పేజీలన్నీ రాసేశాం.

ఎన్నిసార్లైనా పీకి అతికించొచ్చని మొదట్లో అందరికీ చెప్పాను. ఐదారుసార్లయ్యాక జిగురుకి దుమ్ము పట్టి ఊడిపోతున్నాయి. ఒక పొద్దున 14, 15 పేజీలు సోఫా కింద దొరికాయి. అప్పట్నుంచి ప్రతి చీటీ మూలన పేజీ నంబర్ వేస్తున్నాం. కింద నుంచి పైకి లాగకుండా పక్క నుంచి ఒలిస్తే చీటీ వంకర తిరగదు, ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.

ముగ్గురూ ఒకే గదిలో కూర్చునే వీలుంటే తప్పకుండా కొనమంటాను. నాలుగు గడుల చిన్న కామిక్‌కి అయితే ఇంత హడావిడి అక్కర్లేదు. మా బొమ్మలేసే మిత్రుడు ఈమధ్యే వేరే ఊరు మారాడు. గోడ ఫొటో పంపితే ఫోన్‌లో గులాబీ, నారింజ ఒకేలా ఉన్నాయంటున్నాడు. అందుకే కొత్త కథలో నారింజ తీసేసి నీలం పెట్టాం.