పండ్ల ఈగల ట్రాప్: ఫ్యాన్ కింద మాత్రం పెట్టకండి

బాటసింగారం మార్కెట్ నుంచి బంగినపల్లి పెట్టె తెచ్చిన వారానికే మా దిల్‌సుఖ్‌నగర్ వంటింటి నిండా చిన్న ఈగలు. ఆన్‌లైన్‌లో 249 రూపాయలకు రెండు ట్రాప్‌లు తెప్పించాను. మూతకు చిల్లులున్న చిన్న డబ్బా, లోపల వెనిగర్ వాసన కొట్టే ద్రవం.

మొదటి రెండు రోజులు దండగ. పడింది మూడే ఈగలు. వాపస్ చేసేద్దామనుకుంటుంటే, జువాలజీ చెప్పే మా వదిన వచ్చి "ఫ్యాన్ కింద పెట్టావేంటమ్మా" అంది. ఈగ మీసాలతోనే వాసననీ, గాలి దిక్కునీ పసిగడుతుందట. పులిసిన పండు వాసన తగలగానే గాలికి ఎదురుగా దూసుకెళ్తుంది. వాసన తెగిపోతే ముందుకు పోవడం మానేసి, గాలికి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ మళ్లీ ఆ వాసన కోసం వెతుకుతుంది. ఫ్యాన్ గాలి సుడులు తిరిగితే ఆ దారి చెదిరిపోతుంది. ఆవగింజంత తలలో ఇంత లెక్కా అని నాకు నిజంగా ఆశ్చర్యమేసింది.

ఫ్యాన్ ఆపి, డబ్బాని కిటికీ దగ్గరికి మార్చాను. అక్కడి గాలి దాని మీదుగా పండ్ల బుట్ట వైపు వస్తుంది. తెల్లారేసరికి నలభైకి పైగా పడ్డాయి!

ద్రవం పది రోజులకే ఎండిపోయింది, విడిగా అమ్మడం లేదు. ఇప్పుడు యాపిల్ సైడర్ వెనిగర్‌లో ఒక చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి పోస్తున్నాను, అంతే బాగా పనిచేస్తోంది. మెత్తబడ్డ పండ్లు మాత్రం రోజూ తీసేయాలి. వాటి మీద పెట్టిన గుడ్లు సుమారు పది రోజుల్లో ఈగలైపోతాయి. ఐదుకు నాలుగు స్టార్లు.