బెజవాడ నుంచి బ్రిడ్జ్‌టౌన్: ఏడు రాత్రుల ప్యాకేజీ తీసుకోవచ్చా?

బందరు రోడ్డులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌కు ఏడు రాత్రుల ప్యాకేజీ అమ్ముతోంది. హోటల్, కాగితాల పని బాగున్నాయి. పాత ఊరు చూపించే తీరు మాత్రం మార్పించుకోవాలి.

ముందు వీసా సంగతి. 'వీసా అక్కర్లేదు' అని పెద్దక్షరాలతో వేశారు. బార్బడోస్ వరకు అది నిజమే, మన పాస్‌పోర్టుతో పర్యటనకు నేరుగా దిగొచ్చు. చిక్కంతా దారిలోనే. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి లండన్ వెళ్లి విమానం మారాలి. ఎయిర్‌పోర్టు బయటికి రాకపోయినా బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా వీసాలున్నవాళ్లకు సాధారణంగా సడలింపు ఉంటుంది. లండన్‌లోనే హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగి గాట్విక్ ఎయిర్‌పోర్టులో ఎక్కే టికెట్ ఇస్తే ఇమిగ్రేషన్ దాటాల్సిందే, దానికి వేరే రకం వీసా. అమెరికా మీదుగా అయితే విమానం మారడానికి కూడా ఆ దేశం వీసా తప్పదు. దారిలో కావాల్సిన వీసా లేకపోతే ఢిల్లీ కౌంటర్‌లోనే ఆపేస్తారు. అందుకే అడ్వాన్స్ కట్టేముందు ఏ ఎయిర్‌పోర్టులో దిగి ఎక్కడ ఎక్కాలో రాయించుకోండి. కొటేషన్‌లో ట్రాన్సిట్ వీసా ఫీజు విడిగా చూపించమనండి.

ఇక అసలు ఊరు. 2011లో యునెస్కో బ్రిడ్జ్‌టౌన్‌నూ, దాని పక్కనున్న పాత సైనిక స్థావరం గ్యారిసన్‌నూ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. ప్యాకేజీలో దీనికిచ్చింది ఒక్క మధ్యాహ్నం. అందులోనూ సగం బ్రాడ్ స్ట్రీట్ షాపింగే. ఇంత దూరం వెళ్లేవాళ్లకు ఇది అన్యాయం. రెండు ఉదయాలు అడగండి, ఎండ ముదరకముందే తిరగొచ్చు.

మొదటి ఉదయం కెరీనేజ్ అనే పాత రేవు దగ్గర మొదలుపెట్టాలి. పూర్వం ఓడల్ని ఇక్కడ పక్కకు ఒరిగించి అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకేవాళ్లు. అలా ఒరిగించడాన్ని ఇంగ్లిష్‌లో 'కెరీన్' అంటారు, పేరు అలా వచ్చింది. వంతెన దాటితే పగడపు సున్నపురాయితో కట్టిన పార్లమెంటు భవనాలు. బ్రోషర్‌లో వాటి ముందున్న బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ విగ్రహాన్ని 2020లోనే తీసేశారు, ఆ బొమ్మ పాతది. అక్కణ్నుంచి నిధే ఇజ్రాయెల్ యూదు ప్రార్థనాలయానికి నడిచే వెళ్లొచ్చు. 1654 నాటి కట్టడం 1831 తుపానులో పడిపోతే 1833లో మళ్లీ కట్టారు. ఆవరణలో బయటపడిన పాత స్నానకుండం తప్పక చూడాలి. శనివారం మూసి ఉంటుంది, ఏజెంట్ వేసింది సరిగ్గా ఆ రోజే.

రెండో ఉదయం గ్యారిసన్‌కు. 1751లో జార్జ్ వాషింగ్టన్ బస చేసిన ఇల్లు, నేల కింది సొరంగాలు ఇక్కడే. మనవాళ్లందరూ అడిగేది కెన్సింగ్టన్ ఓవల్ క్రికెట్ మైదానం. 2024 జూన్ 29న భారత్ దక్షిణాఫ్రికా మీద 7 పరుగులతో టీ20 ప్రపంచ కప్పు గెలిచిన మైదానం ప్యాకేజీలో లేకపోవడం పెద్ద లోటు.

ధరల్లో '$' అని ఉంటే అది స్థానిక డాలరా అని అడగండి. ఒక అమెరికా డాలరుకు 2 బార్బడోస్ డాలర్లు. ఊళ్లో తిరగడానికి కారు అక్కర్లేదు, బస్సులు చాలు. స్టాపు బోర్డు మీద 'టు సిటీ' అనుంటే ఊరివైపు, 'ఔట్ ఆఫ్ సిటీ' అనుంటే బయటికి. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగివ్వరు.

మిలటరీ మచ్చల బట్టలు పిల్లలకైనా సరే పెట్టొద్దు, అక్కడ చట్టప్రకారం నిషేధం. కరెంటు 115 వోల్టులు, ప్లగ్గు పిన్నులు బల్లపరుపు. మన 230 వోల్టుల రైస్ కుక్కర్ అక్కడ పావు వంతు శక్తితోనే పనిచేస్తుంది, అన్నం ఉడకదు. పచ్చళ్లు, కారప్పొడులు తీసుకెళ్తే కస్టమ్స్ ఫారంలో రాయాలి.

తేదీల విషయంలో ఏజెన్సీ దసరా సెలవులకు ఎక్కువ తగ్గింపు ఇస్తోంది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ తుపాన్ల కాలం, తగ్గింపు అందుకే. సంక్రాంతి సెలవులకు వాతావరణం హాయిగా ఉంటుంది, ధర మాత్రం పైస్థాయిలో ఉంటుంది. దసరాకే వెళ్లాలంటే, తుపాను వల్ల రద్దయితే ఎంత తిరిగిస్తారో రసీదు మీద రాయించుకుని సంతకం తీసుకోండి.