సుంకి ఘాట్‌లో అయిదేళ్లు: మా అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు

మాది ఒడిశాలోని జయపురం. చుట్టాలందరూ విజయనగరం వైపు ఉండటంతో నెలకు రెండుసార్లయినా సెమిలిగుడ, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగక తప్పదు. నాన్నగారి 1984 నాటి మార్క్ 4 అంబాసిడర్‌కు ముందు చక్రాల డ్రమ్ములు తీయించి డిస్కులు వేయించింది ఆ దిగుడు కోసమే.

డ్రమ్ములతో ఘాట్ దిగిన భయం నా అరికాలికి ఇంకా గుర్తుంది. నాలుగైదు మలుపులు తిరిగేసరికి డ్రమ్ము వేడికి వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని అదిమి ఆపే షూల నుంచి దూరం జరుగుతుంది. పెడల్ ప్రతిసారీ ఇంకాస్త లోపలికి వెళుతుంది. నాన్నగారు దారిలో బండి పక్కకు ఆపి, బ్రేకులు చల్లారాకే మళ్లీ కదిలేవారు. ఇప్పుడు మొదటి మలుపులో పెడల్ ఎంత ఎత్తులో ఉంటుందో, సాలూరు కనిపించే చివరి మలుపులోనూ అంతే ఎత్తులో ఉంటోంది. వాననీటిలోంచి వెళ్లినా బండి ఒక పక్కకు లాగదు. ఈ ఒక్క సుఖం కోసం పెట్టిన ఖర్చు నాకు బరువనిపించలేదు.

అయితే మొదటి ప్రయాణమే దాదాపు చివరిది అయ్యేది. బిగించిన గ్యారేజీవారు తర్వాతి కాలపు అంబాసిడర్ డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లు తెచ్చి చక్కగా కూర్చారు గానీ, పెడల్ నొక్కినప్పుడు బ్రేకులకు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచేశారు. దిగుడులో నాకేమీ తెలియలేదు. సాలూరు చేరి చదును రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలితే, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి ఆగిపోతోంది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. సీసాలో నీళ్లు చిలకరిస్తే సుయ్యిమంది.

సాలూరు లారీలకు పెట్టింది పేరు. రోడ్డు పక్కన లారీలు బాగుచేసే పెద్ద వయసు మేస్త్రి ఒకాయన వచ్చి, చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పబోయారు. కదల్లేదు. కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. "బాబూ, ప్యాడ్లలో లోపం లేదు. ఒత్తిడి వెనక్కి రావటం లేదు" అన్నారు. మాస్టర్ సిలిండర్ విప్పి, అడుగున ఉన్న చిన్న వాల్వు నా అరచేతిలో పెట్టారు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది, అంతే. డ్రమ్ములకు వెళ్లే ఆయిల్ లైనులో చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలిపి ఉంచటం దాని పని. షూలను వెనక్కి లాగటానికి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి డ్రమ్ములకు దానితో ఇబ్బంది లేదు. కాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు, ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేది రబ్బరు సీలు ఒక్కటే. ఆ కాస్త ఒత్తిడికే ప్యాడ్లు డిస్కును పట్టుకుని వదల్లేదు.

వెనక డ్రమ్ములకు మాత్రం ఆ వాల్వు కావాలి. అందుకని తర్వాత ముందుకీ వెనక్కీ వేరువేరు లైనులుండే టాండెమ్ సిలిండర్ వేయించాను. ఒక లైను తెగినా రెండోది పనిచేస్తుంది. నన్నడిగితే డిస్కుల కంటే ముందు కొనవలసింది ఇదే.

కొత్తలో అందరికీ "వేలితో నొక్కినా ఆగుతుంది" అని చెప్పాను. ఆ మాట సవరించుకోవాలి. డ్రమ్ములో తిరిగే వేగమే షూను ఇంకా గట్టిగా అదుముతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, బలమంతా మన కాలిదే. కాలి బలానికి సాయం చేసే బూస్టర్ లేని మొదటి ఏడాది మా ఆవిడ ఈ బండి నడపటం మానేసింది. బూస్టర్ పెట్టాకే మళ్లీ తాళాలు అడిగింది.

మీరు పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఊళ్లో తిరిగేవారైతే, లైనర్లు మంచివి వేయించి డ్రమ్ములు సరిగ్గా బిగించుకుంటే బహుశా చాలు. పాత బండి పాతగానే ఉండాలనుకునేవారిని నేను తప్పుపట్టను. ఘాట్ మీద ఉండేవాణ్ణి కాబట్టి నాకిది కావలసి వచ్చింది. ఇప్పటికీ రెండో గేరులోనే దిగుతాను, రెండేళ్లకోసారి డాట్ 4 బ్రేక్ ఆయిల్ మారుస్తాను. పాత డ్రమ్ములు గ్రీజు రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచాను. నాన్నగారు ఉంచమన్నారు.