క్యారల్టన్ హెచ్ మార్ట్ మాంసం కౌంటర్, మా ఇంటి కరకరలాడే పోర్క్ రిబ్స్

పోర్క్ రిబ్స్ అనగానే డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి బార్బెక్యూనే గుర్తొస్తుంది. గంటల తరబడి పొగలో మగ్గి, పట్టుకోగానే ఎముక నుంచి మాంసం జారిపోయే రకం. బాగుంటాయి, కాదనను. కానీ సాయంత్రం ఆరింటికి లాప్‌టాప్ మూసి, ఏడున్నరకల్లా పిల్లలకి అన్నం పెట్టాల్సిన ఇంట్లో అవి అయ్యే పని కాదు. మాలాంటి వాళ్ళకి పనికొచ్చేది చైనా వాళ్ళ పద్ధతి: రిబ్స్ చిన్న ముక్కలుగా కోయించి, పిండి పట్టించి, నూనెలో రెండుసార్లు వేయించడం. దానికి ముందు ఎముకని అడ్డంగా కోసిచ్చే షాపు కావాలి. మేముండే వైపు నాకు నచ్చింది ఓల్డ్ డెంటన్ రోడ్డు మీదున్న హెచ్ మార్ట్.

1982లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదలైన కొరియన్ సూపర్‌మార్కెట్ చెయిన్ ఇది. కొరియన్ వాళ్ళకి అడ్డకోత కొత్త కాదు. ఎల్ఏ గాల్బీ అని వాళ్ళు కాల్చుకునే బీఫ్ రిబ్స్ మూడు నాలుగు ఎముకలు అడ్డంగా తెగిన పల్చటి పట్టీలే కదా. కాబట్టి రంపం ఉంటుంది, చెయ్యి తిరిగిన మనిషీ ఉంటాడు. నేను స్పేర్ రిబ్స్ రెండు పౌన్లు చూపించి, ‘అంగుళం వెడల్పు’ అని వేళ్ళతో కొలిచి చూపిస్తాను. పట్టీలుగా కోసి ఇస్తారు. ఇంటికొచ్చాక ఎముకకీ ఎముకకీ మధ్య కత్తి దింపితే ముక్కలు రెడీ. అదే ఇంకో పెద్ద సూపర్‌మార్కెట్‌లో అడిగితే, ప్యాకెట్ ఎలా ఉందో అలాగే తీసుకోమన్నారు. దాని పేరెందుకులెండి.

బేబీ బ్యాక్ అడగకండి. అవి వెన్ను వైపువి, కొవ్వు తక్కువ, ఇలా వేయిస్తే త్వరగా ఎండిపోతాయి. స్పేర్ రిబ్స్ పొట్ట వైపువి. కొవ్వుంటుంది, చివర్లో కొరికితే పటపటమనే లేత ఎముక కూడా ఉంటుంది. మటన్ కొట్టు దగ్గర నిలబడి లేత ఎముకలు వేయించుకునే మనవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు.

రంపంతో కోస్తే ముక్కలకి ఎముక పొడి అంటుకుంటుంది, అది ఏ షాపులోనైనా తప్పదు. నేను గిన్నెలో నీళ్ళు పోసి ఒకసారి జాడించి, పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దుతాను. ఆ తడి పోకపోతే తర్వాత ఎంత వేయించినా లాభం లేదు. రెండు చెంచాల సోయా సాస్, ఒక చెంచా షావోషింగ్ వైన్ (వంటల్లో వాడే చైనా బియ్యపు వైన్), నలిపిన వెల్లుల్లి, తెల్ల మిరియాల పొడి, చిటికెడు చక్కెర, అర టీస్పూను ఫైవ్ స్పైస్ (అనాసపువ్వు ఉండే చైనా మసాలా పొడి) పట్టించి అరగంట పక్కన పెడతాను. ఫైవ్ స్పైస్ అంతకు మించితే అనాసపువ్వు వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఈలోపు అన్నం కుక్కర్ ఎక్కుతుంది, పెద్దాడి హోంవర్క్ గొడవ ఒకటి తేలుతుంది.

పిండి విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. బంగాళాదుంప స్టార్చ్ అదే షాపులో, పిండ్ల వరసలో దొరుకుతుంది. మైదా వేస్తే పైపొర మెత్తగా, బజ్జీలా వస్తుంది. కార్న్‌ఫ్లోర్ పర్వాలేదు. బంగాళాదుంప స్టార్చ్ పల్చగా, గాజులా విరిగే పొర ఇస్తుంది. ముక్కల్ని అందులో దొర్లించి, పిండి తడిసి అంటుకునేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. అప్పుడే నూనెలో పొర ఊడిపోదు.

మొదటి వేయింపు 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఆరేడు నిమిషాలు. తీసి, ఐదు నిమిషాలు జల్లెడ మీద వదిలేస్తే లోపలి ఆవిరి బయటికొచ్చి పైపొర మళ్ళీ మెత్తబడుతుంది. కంగారు పడకండి. నూనె 375కి కాగాక ఇంకో నిమిషం, నిమిషంన్నర వేయిస్తే ఆ తడంతా పోయి, గరిటెతో తడితే గలగలమంటాయి. పోర్క్ అంటే మన ఇళ్ళల్లో లోపల ఉడకలేదేమోనన్న భయం ఒకటుంటుంది. కీమా కాకుండా ముక్కగా ఉన్న పోర్క్‌కి లోపలి వేడి 145 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విశ్రాంతి చాలని 2011లో అమెరికా వ్యవసాయ శాఖే చెప్పింది. అంగుళం ముక్క రెండుసార్లు నూనెలో మునిగితే అది ఎప్పుడో దాటిపోతుంది.

చివర్లో వేరే పాన్‌లో చెంచాడు నూనె, తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, ఉప్పు, మిరియాలు. ముక్కలు వేసి అర నిమిషం ఎగరేసి దించేయడమే. హోయిసిన్, చార్ సియూ లాంటి తీపి సాసులు ఇక్కడ నాకు నచ్చవు. అవి పోయగానే అంత కష్టపడి తెచ్చిన కరకర ఐదు నిమిషాల్లో పోతుంది. కావాలంటే గిన్నెలో పక్కన పెట్టుకుని అద్దుకోండి. మా ఆయన అదే చేస్తారు.

మా అత్తగారు పోర్క్ ముట్టరు. పోయినసారి వచ్చినప్పుడు స్టవ్ పక్కనే నిలబడి, "అమ్మాయ్, ఆ మూకుడు నా గారెల జోలికి రానీయకు" అన్నారు. "రానీయను అత్తయ్యా, దీనికిది వేరే పెట్టాను" అన్నాక గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆవిడకి అదే మసాలాతో చికెన్ వింగ్స్ ముందుగా, వేరే నూనెలో వేయించాను. రెండు ప్లేట్లు తిన్నారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇవి నోట్లో కరిగిపోయే రిబ్స్ కావు. ఎముకను పట్టుకుని పళ్ళతో లాగి తినాలి. మెత్తగా కావాలనుకునేవాళ్ళు నేరుగా బార్బెక్యూకే వెళ్ళండి. పాలపళ్ళు ఊడుతున్న వయసు పిల్లలకైతే మాంసం కోసి పెట్టాలి, మా చిన్నదానికి నేను చేసేది అదే.

కౌంటర్‌కి నా మార్కులు ఐదుకి ఐదు. వెళ్ళగానే ముందు మాంసం చెప్పేసి, వాళ్ళు కోసేలోపు స్టార్చ్, ఉల్లికాడలు తెచ్చుకోండి. రెండు పౌన్లు మా నలుగురికి సరిపోతాయి. ఒకవేళ మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఎయిర్ ఫ్రయర్‌లో 375లో నాలుగు నిమిషాలు చాలు.