బాంబూ షార్క్ గుడ్డు కొన్నాం, పిల్ల అయింది: మా దగ్గరి షాపు గురించి

ముందే చెప్తున్నా, ఇది ఫంగస్ చేప గురించి కాదు. మన ఊళ్లలో అక్వేరియం షాపువాళ్లు షార్క్ అని చెప్పి అమ్మే వెండిరంగు పిల్లలు చాలావరకు పంగాసియస్, అంటే భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో పెంచే ఫంగస్ చేపే. అది మంచినీళ్లలో బతికేది, సొర కాదు. నేను రాస్తున్నది బాంబూ షార్క్ అనే ఉప్పునీళ్ల అసలు సొర గురించి. మేముండేది డాలస్ దగ్గర. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక సముద్రపు చేపల షాపుంది, అక్కడ బాంబూ షార్కులను పిల్లలు పెట్టించి గుడ్లు కూడా అమ్ముతారు. షాపు పేరు రాయొద్దని ఓనరే అడిగాడు, గుడ్ల కోసం వచ్చే ఫోన్లు ఇప్పటికే ఎక్కువయ్యాయట.

అంతకుముందు వేరే షాపులో అడిగితే 55 గ్యాలన్ల ట్యాంకు చాలు, చేప ట్యాంకుని బట్టే పెరుగుతుంది అన్నారు. పచ్చి అబద్ధం. ఈ షార్క్ మూడడుగులు పెరుగుతుంది, ఇరుకు ట్యాంకులో పెడితే తిరగడానికి చోటు లేక ముక్కు గోడలకి రాసుకుని పుండ్లు పడతాయి. ఈ షాపాయన మాత్రం గుడ్డు కావాలనగానే ఇవ్వలేదు, ట్యాంకు ఫొటో చూపించమన్నాడు, వెడల్పు ఎంత అని అడిగాడు, ఇంతకుముందు ఎప్పుడైనా రాగి (కాపర్) మందు వాడారా అని అడిగాడు. మామూలు సముద్రపు చేపలకి తెల్లమచ్చ రోగం వస్తే రాగి మందే వేస్తారు కానీ షార్కులు దాన్ని తట్టుకోలేవు.

షాపు వెనకగదిలో పన్నెండడుగుల ట్యాంకుంది, అందులో ఒక మగది, మూడు ఆడవి. జతకట్టేటప్పుడు మగది ఆడదాని రెక్కని నోటితో కరిచి పట్టుకుంటుంది, ఒక్క ఆడదాన్నే ఉంచితే దాని రెక్కలు చిరిగిపోతాయని మూడింటిని పెట్టాడు. నేను వెళ్లిన రోజు ఒకదాన్ని వేరు చేసి అడ్డుపలక వెనక ఉంచాడు, దాని ఎడమ రెక్క అంచు మీద తెల్లటి గాట్లు వరుసగా కనిపించాయి. పూర్తిగా మానేదాకా మళ్లీ మగదానితో కలపనన్నాడు. షాపు మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

గుడ్డు ధర 75 డాలర్లు, నెలలోపు వట్టిదని తేలితే ఇంకోటి ఇస్తారు. గుడ్డంటే కోడిగుడ్డులా ఉండదు, అరచేతిలో పట్టేంత గోధుమరంగు తోలుసంచి, ఒక పక్కన కొబ్బరిపీచు లాంటి పోగులు. మొదటి గుడ్డు మూడు వారాలకే లోపల మబ్బుగా అయిపోయింది, తీసుకెళ్తే మారుమాట లేకుండా మార్చిచ్చారు. మా నాయనమ్మ పొదుగుకి వేసిన గుడ్లని రాత్రిపూట దీపం ముందు పెట్టి చూసేది, మేమూ రెండో గుడ్డుని అలాగే లైట్లన్నీ ఆర్పేసి, నీళ్లలోంచి తీయకుండా, ఫోన్ టార్చ్ మీద పెట్టి చూశాం. చిన్న నిమ్మకాయంత పసుపుసొన, దానికి అతుక్కుని దారప్పోగంత పిల్ల, తోక ఆపకుండా ఊపుతోంది. మా పాప ఊపిరి బిగబట్టి చూసింది.

రోజులు గడిచేకొద్దీ సంచి అంచులో సన్నటి చీలికలు తెరుచుకుని బయటి నీళ్లు లోపలికి వస్తాయి. అక్కణ్నుంచి పిల్ల ఉనికి వేటాడే చేపలకి తెలిసిపోతుంది, కానీ దానికీ ఒక ఉపాయం ఉంది. దగ్గరికి వచ్చే జంతువు ఒంట్లోంచి వెలువడే చిన్నపాటి కరెంటుని పసిగట్టి, ఊపిరి కూడా ఆపేసి కదలకుండా ఉండిపోతుంది. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ జాతి గుడ్ల మీదే ప్రయోగం చేసి ఈ సంగతి చూపించారు. గుడ్డులో ఉన్నప్పుడే ఇంత తెలివా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

షాపాయన గట్టిగా చెప్పిన మాట ఒకటుంది, ఎన్ని రోజులైనా సరే గుడ్డుని కోసి తీయొద్దని. తొందరపడి కోస్తే సొన ఇంకా బయటే వేలాడుతుంటుంది, అలాంటి పిల్ల బతకడం కష్టం. మాది 138వ రోజు తెల్లవారుజామున తనంతట తనే బయటికొచ్చింది. ఆరంగుళాలు, ఒంటి నిండా నలుపు తెలుపు పట్టీలు. తొమ్మిది రోజులు ఏమీ తినలేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్ చేస్తే, కడుపులో సొన ఇంకా ఉంటుంది, ఆగండి అన్నాడు. పదో రోజు రాత్రి ప్లాస్టిక్ పటకారుతో గోరంత స్క్విడ్ ముక్క ముక్కు ముందు పెడితే ఒక్కసారిగా లాగేసుకుంది. కాకినాడ నుంచి వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ మొదట "ఇది పాలసొర కదరా, బాలింతలకి పుట్టు చేసిపెడతాం" అంది, ఇప్పుడు రోజూ "తిందా అది?" అనే అడుగుతోంది. మేతలో అయోడిన్ కలిసిన విటమిన్ వేయాలి, లేకపోతే ట్యాంకుల్లో పెరిగే షార్కులకి గొంతు దగ్గర వాపు వస్తుంది. ఆ సీసా కూడా షాపాయనే గుర్తుచేసి ఇచ్చాడు.

ఇక నాకు నచ్చని విషయం. ఆడవి రెండేసి చొప్పున నెలల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటాయి, అన్నింటినీ పొదగనిస్తే అన్ని షార్కులకి ఇళ్లెక్కడివి? మొన్న వెళ్లినప్పుడు షాపులో పదిహేను పిల్లలున్నాయి, గుడ్డు కంటే కాస్త ఎక్కువ ధరకే ఇచ్చేస్తున్నాడు, వచ్చినవాళ్లని అడిగే ప్రశ్నలు కూడా తగ్గాయి. మగదాన్ని తీసేస్తాను అన్నాడు కానీ దానితో వెంటనే ఆగదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టైన్‌హార్ట్ అక్వేరియంలో ఒక ఆడ బాంబూ షార్క్ మగదానికి దూరమైన 45 నెలల తర్వాత కూడా, ఒంట్లో దాచుకున్న వీర్యంతో, పిల్లయ్యే గుడ్డు పెట్టింది, 2015లో అచ్చయిన పరిశోధన అది. పెట్టిన వారంలోనే కొన్ని గుడ్లు తీసేయడం తప్ప దారి లేదని నేను ఆయనకి మొహమాటం లేకుండా చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. అందుకే ఐదుకి నాలుగు స్టార్లే ఇస్తున్నాను.

మా ట్యాంకు ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, దాదాపు 360 గ్యాలన్లు. అడుగున సన్న ఇసుకే వేశాం, గరుకు రాళ్లయితే పొట్ట గీసుకుపోతుంది. మూత మీద బరువు పెట్టాం, సందు దొరికితే బయటికి వచ్చేస్తాయి కాబట్టి. గుడ్డు కొనాలనుకునేవాళ్లు శనివారం కాకుండా మామూలు రోజు సాయంత్రం వెళ్లండి, ఆయనకి మాట్లాడే తీరిక ఉంటుంది. మీ ట్యాంకు వెడల్పు టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి, ఆయన అడగడం మర్చిపోయినా మీరే చెప్పండి.